ఇంటిపేరు మారిన పగడం

శ్రీకాకుళం కాలేజీ జువాలజీ ల్యాబులో
ఇరవై తొమ్మిదేళ్ళుగా సీసాల మీద పేర్లు రాసేది నేనే.
ఫార్మలిన్ వాసన నా చొక్కాలకి తెలుసు,
మా ఆవిడకి ఇంకా బాగా తెలుసు.

పరీక్షల ముందు ఒక మధ్యాహ్నం
భావనపాడు నుంచి గనగళ్ళ తాతమ్మ వచ్చింది
తెగిన వల ముక్కలో ఏదో చుట్టుకుని.
"మా ఎల్లాజీ అండమాన్లో బోటు మీదున్నప్పుడు తెచ్చినాడు బాబూ.
ఏడేళ్ళబట్టి మడాలు తోముకుంతన్నాను.
ఇది రాయి కాదు, జంతువంతాది మీ కాడ సదివే మా మనవరాలు.
జంతువుతోటి కాళ్ళు తోముకుంతన్నానా నాను?"

విప్పింది.
అరచెయ్యంత బిళ్ళ, కోలగా, సున్నం తెలుపు.
నడుమ చీలిక నుంచి అంచుదాకా పలకలు పలకలు,
పుట్టగొడుగు గొడుగు కింద దాచుకునే మడతల్ని
ఎవరో తిరగేసి ఆకాశానికి చూపించినట్టు.
ఒక పక్క మాత్రం నున్నగా అరిగిపోయింది.

"నోరేదీ?"
ఆ చీలికేనమ్మా. తినేదీ దాంతోనే, ఊసేదీ దాంతోనే.
"మా ఆడపడుసే," అంది.

పుట్టినప్పుడు దీనికి కాడ ఉంటుంది,
రాతికి అతుక్కుని చిన్న గిన్నెలా పెరుగుతుంది.
ఒళ్ళు బరువెక్కాక
మెడ దగ్గర సున్నం కరిగి
తనంతట తనే తెగి ఇసుకలో పడుతుంది.
కాడ ఊరుకోదు, ఇంకో బిళ్ళని ఎత్తుకుంటుంది.

నేనింకా చెబుతూనే ఉన్నాను,
తాతమ్మ బొటనవేలు బిళ్ళ వీపంతా తడిమి
గరుకు మధ్య ఒకచోట ఆగింది.
"బొడ్డు."
ఇన్ని బ్యాచులకి చూపించాను ఆ మచ్చని.
ఆ మాట ఒక్కరికీ తట్టలేదు. నాకూ.

తెగిపడ్డాక కదులుతుంది.
చూస్తూ కూర్చుంటే కనబడదు, మర్నాటికి చోటు మారి ఉంటుంది.
అల బోర్లా వేస్తే
నీళ్ళు తాగి ఉబ్బి, గంటలకొద్దీ అవస్థపడి
వెల్లకిలా తిరుగుతుంది.
ఒంట్లో నాచుని కాపురం పెట్టించి ఎండతో వంట చేయించుకుంటుంది.
వీటి చుట్టాల్లో ఒకటి జెల్లీచేపనే మింగుతుంది.

"కొన్ని జాతుల్లో చిన్నప్పుడు మగ, పెద్దయ్యాక ఆడ.
గడ్డుకాలం వస్తే మళ్ళీ మగ,"
వెనకనుంచి సువర్ణలత మేడమ్.
తాతమ్మ నవ్వలేదు.
"తిత్లీ తుపానేడు నానూ అంతే గదమ్మా.
ఆడు అండమాన్ల ఉండిపోనాడు. తెప్ప నానే తోసినాను."

మేడమ్ భూతద్దం తీసింది.
అరగని వైపు పలకల అంచున పళ్ళు చూసింది,
నారాయణవలస సంతలో ఎడ్లకి చూసినట్టు.
పూర్వం పళ్ళని బట్టే పేరు.
తర్వాత జన్యువులు చదివారు,
ఒక పెద్దింటిని విడదీసి ఎవరి వాటా వాళ్ళకి పంచారు.
ఫంగియా స్కుటారియా అని నేను గుండ్రంగా రాసుకున్న చీటీ
ఇప్పుడు లోబాక్టిస్ స్కుటారియా.
ఇంటిపేరు ముందు, ఒంటిపేరు వెనక, మనకిలాగే.

"ఒంటిపేరు మారనేదా?"
లేదమ్మా, ఇంటిపేరే.
"అయితే పెళ్ళయినట్టు.
నానూ పుట్టింట మైలపల్లోళ్ళమే.
తాతమ్మ మాత్రం తాతమ్మే."

"చట్టంలో ఇది పులితో సమానం,
ఇంట్లో ఉంచుకోవడం నేరం," అంది మేడమ్ మెల్లగా.
తాతమ్మ బిళ్ళ వంక చూసింది, మడమల వంక చూసింది.
వల ముక్క మడిచి రొంటిన దోపుకుంది. బిళ్ళ బల్ల మీదే ఉంది.

కొత్త చీటీ రాశాను.
దొరికిన చోటు: అండమాన్.
తెచ్చినవారు: గనగళ్ళ ఎల్లాజీ.
విశేషం: ఒక పక్క అరుగుదల.
ఎందుకో రాయడానికి గడిలో చోటు చాలలేదు.

కిటికీలోంచి చూస్తే
ప్రహరీ పక్కన వంగి
తాతమ్మ ఇటుక ముక్కలు ఏరుతోంది,
ఒక్కొక్కటీ వేలితో గరుకు చూసి పారేస్తూ.