ఎముక లేని చెయ్యి

జారిస్ కొండల దిగువన
మేకల వెనకాల నడుస్తూ జారిపడింది
హెస్టర్ స్వార్ట్‌బోయి, డెబ్భై ఒకటో ఏట.
మాల్టాహోహె ఆసుపత్రిలో నర్సు
ఎక్స్‌రేని కిటికీ వెలుగుకి ఎత్తిపట్టి
"సున్నం తరిగిపోయిందమ్మా" అంది.
"ఎవరు తిన్నారో!" అంది హెస్టర్.

మణికట్టుకి పిండికట్టుతో తిరిగొచ్చింది.
దారి తప్పినవాడికి పులిసిన పాలు,
లారీ చెడినవాడికి వేయించిన మాంసం,
అడగని నాకు సగం రొట్టె, పైన కొవ్వు.
ఇలాంటి చేతికి ఎముక లేదంటాం మేం.
చెప్తే నవ్వింది:
"లేకపోతే ఏం విరిగిందయ్యా?"

నా పని, ఆమె మేకలు ఎక్కే బండ మీద.
సముద్రం ఇక్కడికి చాలా దూరం.
బండ మాత్రం ఇంకా సముద్రపు అడుగే.
భూతద్దం కింద గొట్టాలు,
బియ్యపు గింజంత లావున,
గరాటులో గరాటు, మళ్ళీ గరాటులో గరాటు,
ఒకదాని భుజం మీద ఒకటి వాలి
యాభై అయిదు కోట్ల ఏళ్ళుగా
ఖాళీగా ఉన్న ఊరు.

అంతకు ముందు నీళ్ళలో ఎవరికీ తలుపు లేదు.
ఒళ్ళంతా మెత్తన.
చచ్చాక ఇసుకలో ఒక మరక, అదీ అదృష్టముంటే.
ఎముక లేని చెయ్యి అప్పటి సముద్రానిది,
కావాలంటే సున్నం, వద్దన్నా సున్నం.
ఒంట్లో పేరుకుంటే అదే విషం.
బయటికి నెట్టిన ఆ చెత్తతోనే
ఏదో పురుగు తన చుట్టూ గోడ కట్టుకుందని
ఒక వాదన.
రుజువు లేదు. నాకు ఇష్టం, అంతే.

ఎవరికి భయపడి కట్టిందో!
చైనా నుంచి ఒకరు పంపిన ఫోటోలో
ఇలాంటి గొట్టానికే గుండ్రటి చిల్లు,
సూదితో పొడిచినంత శుభ్రంగా.
పన్ను ముందా, గోడ ముందా?
చిల్లు చెప్పదు.

సాయంత్రం హెస్టర్ వచ్చి పక్కన కూచుంది.
కట్టు అంచునుంచి తెల్లటి పిండి
బండ మీద రాలుతోంది, తుడవలేదు.
ఎదురుగా ఒక ముసలి మేక
ఎండిన ఎద్దు ఎముకని పటపటా నములుతోంది.
"ఈ గడ్డిలో లేనిదేదో అందులో ఉంది.
దానికి తెలుసు."

కాసేపాగి అడిగింది:
"ఆ పురుగు పోయాక గోడ ఎవరికిచ్చింది?"
"బండకి."
"బండ?"
"వానకి. వాన గడ్డికి. ఆపైన…"
ఆమె కట్టు వైపు చూశాను, ఆపేశాను.

లేచి, మంచి చేత్తో
మేక నోట్లోంచి ఎముక లాగబోయి
హెస్టర్
ఎందుకో మానేసింది.