తప్పిపోయిన చేతుల పెట్టె

డిసెంబరు మొదటి శనివారం నుంచీ
ఆ పెట్టె నా బాధ్యత.
కమలాపళ్లు వచ్చిన అట్టపెట్టె,
పక్కన మొరాకో ముద్ర ఇంకా చెరగలేదు.
పార్కు షెడ్డులో
స్కేట్లు బిగించుకునే బల్ల కింద ఉంటుంది.
మాంట్రియల్ చలికాలంలో మనిషి
మొట్టమొదట పోగొట్టుకునేది చేతితొడుగే.
అదీ ఒకటే. రెండూ పోతే
ఎవరూ అంత బాధపడరు.

రెజాన్ రాత్రి పదకొండుకి గొట్టం భుజాన వేసుకుని వస్తాడు.
ముప్పయ్యేళ్లు బస్సు నడిపినవాడు
ఇప్పుడు నీళ్లు నడుపుతున్నాడు.
పొర మీద పొర, అట్టు పోసినట్టు పల్చగా.
"తొందరపడితే లోపల గాలి చిక్కుతుంది,
గాలి చిక్కితే పిల్లల పళ్లు రాలతాయి" అంటాడు.
మైనస్ పంతొమ్మిది.
మీసంలో ఏది మంచో ఏది వయసో తెలీదు.

లాంతర్ల నడక నాడు
పాలడబ్బాలకి మేకుతో చిల్లులు పొడిచి
రెండొందల మందిమి సందులవెంట పోయాం.
ముందు ఒక డప్పు,
వెనక స్లెడ్డు బండిలో ఎవరి పిల్లాడో,
ఇంత సందట్లోనూ గాఢంగా నిద్ర.
తిరిగొచ్చాక లెక్కపెడితే పెట్టెలో పదకొండు,
తొమ్మిది ఎడమచేతివి.
"కుడిచెయ్యి లాంతరు పట్టుకుంది, దాని సంగతి గుర్తుంటుంది.
ఎడమచెయ్యి ఎక్కడుందో
ఎవడికి పట్టింది?" అంది మిర్లాండ్.

కొత్తసంవత్సరం పొద్దున ఆమెదే గుమ్మడికాయ సూపు.
"హైతీలో మావాళ్లు వండి దొరలకి పెట్టేవారు,
వండినవాళ్లు గరిటె నాకినా తప్పే.
స్వతంత్రం వచ్చిన రోజున
అందరూ కూచుని తాగారు" అంటూ
గిన్నె తెచ్చినవాడికల్లా నిండా పోసింది.
గిన్నె తేనివాడు ఫ్లాస్కు మూతతో తాగాడు,
మూడుసార్లు.

కొండ మీద జారుడుకి
అరవయ్యేడేళ్ల గెర్లేన్ క్యాంటీను ట్రే తెచ్చుకుంది.
కింద మంచులో కూరుకుపోయి
లేవలేక కాదు, నవ్వాపుకోలేక
చాలాసేపు అలాగే ఉంది.

కొన్ని తొడుగులు పెట్టెదాకా రావు.
సైరను కూస్తూ మంచెత్తే యంత్రం వస్తుంది,
వీధిలో ఉన్నదంతా లారీలోకి చిమ్ముతుంది.

ఫిబ్రవరిలో అమదేవు వచ్చాడు.
బూడిదరంగుది, బొటనవేలి దగ్గర
ఎర్ర ఉన్నితో రఫూ చేసింది కావాలన్నాడు.
"మీదేనా?"
"ఇల్డాది. అక్టోబరులో పోయింది.
ఈ ఏడు నేనే వేసుకుంటున్నా.
పట్టవు. వేళ్లు సగమే దూరతాయి."
పెట్టె బోర్లించాం. లేదు.
ఆ తర్వాత ప్రతి శనివారమూ వచ్చాడు,
వెతకడానికే అన్నాడు.
వెతుకుతూ వెతుకుతూ బల్లలు మోశాడు,
పిల్లల స్కేటు తాళ్లు బిగించాడు,
ఓ రాత్రి రెజాన్ గొట్టానికి రెండో కొస పట్టాడు.

చూసింది వాడే, మిర్లాండ్ చిన్నకొడుకు ఓదెల్.
గోలు పెట్టే కర్రల దగ్గర
బోర్లా పడి, లేవకుండా,
ముక్కు ఆనించి చూస్తున్నాడు.
మంచు లోపల, బెత్తెడు లోతున
ఒక ఎర్ర బొటనవేలు.

దాని మీద పొర మీద పొర పోశాం మేమే.
దాని మీదే నెలరోజులు ఆడాం, పడ్డాం, తిట్టుకున్నాం.

రెజాన్ మొహం చూడలేకపోయాను.
ఉలి తెచ్చాడు.
అమదేవు మోకాళ్ల మీద కూచుని
చాలాసేపు మంచు తుడిచాడు, కిటికీ తుడిచినట్టు.
"ఉండనీ" అన్నాడు.
"ఇంట్లో ఉంటే ఏం చేస్తుంది, పాపం.
ఇక్కడ జనం ఉన్నారు."

ఆ రాత్రి గొట్టం తనే పట్టాడు.
దాని మీద ఇంకో పొర,
అట్టు పోసినట్టు పల్చగా.

మంచు కరిగినప్పుడు నేను లేను,
ఆ వారమంతా జ్వరం.
ఏమైందని ఎవరినీ అడగలేదు.
పెట్టెలో నలభైమూడు మిగిలాయి.
వెతికి వెతికి ఒక్క జత కుదిర్చాను.
ఒకటి నీలం, ఒకటి ఆకుపచ్చ.
రెండూ ఎడమవే.
పొద్దున అవే వేసుకుని రొట్టెకి వెళ్లాను.