రోజుకు పదకొండు చుట్లు

ఉగాది పచ్చడి ఇంక గిన్నెల ఉండంగనే
దేవరకొండ మొత్తం లోపలికెళ్లి గొళ్లెం పెట్టుకున్నది.

పొద్దున అయిదున్నరకు
గోడగడియారానికి కీ ఇస్త.
పదకొండు చుట్లు. పన్నెండోది ఇస్తే అలుగుతది.
జుమ్మేరాత్ బజార్ల కొన్ననాడు దానికి పెద్దముల్లు లేకుండె.
నల్లగొండ గడియారం సెంటర్ల గఫార్ సాబు
సైకిల్ పుల్లను సాగగొట్టి చేసిచ్చిండు.
ఎన్నిసార్లు వెనక్కి తిప్పినా
ఏడు నిమిషాలు ముందుకే ఉరుకుతది.
ఇన్నేండ్లు ఆ ఏడు నిమిషాలు
నన్ను ఆర్టీసీ బస్సుకు అందించినై.
ఇప్పుడు వాటిని ఏం చేసుకోవాల్నో తెల్వక
చాయ్‌ల కలుపుకొని తాగుతున్న.

"రోగమొచ్చిందని లోకమంత సబ్బులు కొన్నది
నువ్వు ఇత్తడి పాలిష్ కొన్నవ్" అంటది ఇందుమతి.
అది అయిపోయినంక
ఆమె దాచుకున్న చింతపండు మీద పడ్డ.
లోటా తళతళ మెరిసింది.
చారు సప్పగైంది.
ఇద్దరం నవ్వుకుంటనే జుర్రుకున్నం.

పగటీలి మర్ఫీ రేడియో.
మీట తిప్పంగనే పలుకదు అది,
పెద్దమనిషి లెక్క గొంతు సవరించుకుంటది.
వాల్వులు ఎర్రబడి, దుమ్ము కాలిన వాసనొస్తది.
నాకదే అగరుబత్తి.
తర్వాత వార్తలు.
లెక్కల సారును, అంకె వినబడితే కూడుకుంట పోత.
ఆ అంకెలు కూడబుద్ధి కాలె.
ముల్లు పక్కకు జరిపి
గరగరనే ఇంత సేపు విన్న.

హైదరాబాద్ రోడ్డు మీద
నెత్తిన మూటలు, సంకల పిల్లలు, నడక.
మా అవ్వ నాటి రాగిబిందె
అటకమీదికెళ్లి దించి, నీళ్లు నింపి
ప్రహరిగోడ మీద పెట్టిన.
నా పాత సామాన్లన్నిట్ల
పని మరువనిది అదొక్కటే.

తొమ్మిదో తరగతి వాట్సాప్ గ్రూపుల
నలభై ఒక్కమందికి పందొమ్మిది పేర్లే.
నల్లబోర్డు మీదయితే
ఇరవై రెండును శేషమని పక్కకు రాసి
కింద గీత కొట్టేటోన్ని.

ట్రంకుపెట్టె అడుగున
నాఫ్తలీన్ వాసనల నిద్రబోతున్నై
అర్ధరూపాయి కార్డులు, ఓ కట్ట.
ఎందుకు కొన్ననో యాదికి లేదు,
ఇగ దొరకవేమోనన్న భయమే అయ్యుంటది.
పాళీ కడిగి, సిరా పోసి
ఇరవై రెండు కార్డుల మీద ఒకటే ప్రశ్న రాసిన:
పొద్దున పది గంటలకు నీ నీడ ఎన్ని జానలు?

మూతికి తువ్వాల చుట్టుకున్న పోస్ట్‌మన్ సోమయ్య
కట్ట చూసి "లగ్గం కార్డులా సార్" అన్నడు.

మామిడికాయ తొక్కు కూడ ఊరింది.
వారం, రెండు వారాలు.
గేటు చప్పుడైతే చాలు, చెప్పులు లేకుండనే ఉరికేది.

ఒక్క కార్డొచ్చింది.
చందంపేట అవతలి తాండకెళ్లి.
కేతావత్ రోజా,
మూడో బెంచి, కిటికీ పక్క,
అడిగితేనే గాని నోరిప్పని పిల్ల.

"సార్, నా నీడ ఆరు జానలు.
మేకది రెండున్నర, అది నిలబడలె, మల్ల కొలుస్త.
అమ్మది ఏడు.
నాయినది కొలువలె.
బొంబాయికెళ్లి ఇంక నడిసొస్తుండు.
నా పేరు మీద ఉత్తరం రావుడు ఇదే ఫస్టు.
లెక్క తప్పయితే ఇంకోటి రాయుండ్రి.
తప్పు కాకున్నా రాయుండ్రి."

వాకిట్ల నిలబడ్డ.
గడియారంల పది ఏడు, అంటే పది.
ఇందుమతి వంగి
ముగ్గు చెరిగిపోకుండ
జానతోని నా నీడ కొలిచింది.
"అయిదున్నర. చిక్కినవ్" అన్నది.
"నీ చెయ్యి పెద్దది" అన్న.

లోపలికొచ్చి ఇంకో కార్డు తీసిన.
పాళీ రెండుమార్లు ఎండింది, రెండుమార్లు ముంచిన.
మార్కులేం వేయలె.

నాయిన ఒచ్చినంక
కాళ్లకు నీళ్లిచ్చి, అన్నం పెట్టి, పండుకోనియ్యి.
లేచినంక ఆయనది గుడ కొలిచి రాయి.
పది గంటలకే కావాల్నని ఏం లేదు.