గోడపత్రికలో ఎడమ మూల

తాంబరంలో రైలు దిగి, రోడ్డు దాటి
గేటు లోపల అడుగు పెడితే చాలు
చెన్నపట్నం చప్పున గొంతు తగ్గించేది.
ముళ్ళపొదల్లోంచి ఓ చుక్కల జింక
ఫీజు కట్టనివాణ్ణి చూసినట్టు చూసేది నన్ను.

మా హాస్టల్లో భోజనాల గదే మహాసభ.
గురువారం రాత్రి సాంబారు గిన్నెలు లోపలికెళ్ళాక
తడి ఆరని బల్లల మీద మోచేతులు ఆనించి
లోకాన్ని రెండుగా చీల్చేవాళ్ళం,
అవును ఒకవైపు, కాదు ఒకవైపు.
దేవుడున్నాడా అని ఒక వారం,
ఆదివారం కూరలో ముక్క చిన్నదవుతోందా అని మరో వారం.
రెండోదానికే జనం ఎక్కువ.

కురువిళ్ళ నోరు తెరిస్తే జడివాన.
ఇమ్తీ ఏమీ అనకుండా
గిటారు తీగ బిగిస్తూ కూర్చునే గెలిచేవాడు.
వార్డెన్ తవమణి మాస్టారు చివర్లో లేచి
కళ్ళజోడు పంచె అంచుతో తుడుచుకుని
"ఇప్పుడు పక్షాలు మార్చుకోండి" అనేవారు.
ఆ ఒక్క మాటలో
నేనింకా అద్దెకుంటున్నాను.

నా ఇంగ్లీషు మా కందుకూరు బస్సు.
ఎక్కడమైతే ఎక్కేవాణ్ణి,
ఎక్కడ ఆగిపోతుందో డ్రైవరుకే తెలీదు.
అందుకని గోడపత్రిక పని అప్పజెప్పారు.
మెట్ల కింద అయిదు భాషల చార్టు.
తెలుగుకి ఎడమ మూల, అట్టడుగున,
తడిసిన గొడుగులు ఆనించే చోటు.
ఐప్పసి వానలకి నా సంపాదకీయాలన్నీ
కింది వరస నుంచి నీలంగా కారిపోయేవి.

తెలుగు సంఘం అంటే మేం నలుగురం, ఒక బీరువా.
దాని తాళంచెవి ఎప్పుడో పోయింది.
లోపల ఏ పుస్తకాలున్నాయో అని
మూడేళ్ళు పందేలు కాసుకున్నాం.

చాపెల్లో తమిళ కీర్తన లేస్తుంటే
దాని కింద మా నాయనమ్మ తెలుగు పెట్టి పాడేవాణ్ణి.
రాగం ఒకటే.
ఉడకని మెతుకులా
నా పలుకొక్కటే పంటికి తగిలేది.

ఒక పొద్దున మెట్లు ఊడ్చే ఎలీశమ్మ
చీపురు చంకలో పెట్టుకుని నా మూల ముందు నిలబడుంది.
"ఇది మాయమ్మ బైబులు రాత మాదిరే ఉండాదే!"
తెలుగే.
పులియంతోపు ఇరుకింట్లో మూడు తరాలు
గడప దాటకుండా బతికిన తెలుగు.
మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు.
"ఏమి రాసుండావు నాయనా?"
నేను రాసింది 'ఆధునికతా సంక్షోభం'.
దాన్ని తెలుగులో ఎలా చెప్పాలో
తెలుగువాణ్ణి, నాకు తోచలేదు.

మర్నాడు ప్లాస్టిక్ కవర్లో చుట్టి తెచ్చింది.
మొదటి పేజీలో పుట్టుకలు వరసగా.
వాళ్ళన్న పేరుకీ తన పేరుకీ మధ్య
పెన్సిలు గీత ఒకటి.
"రూతు. పదకొండు రోజులు" అని చదివాను.
ఎలీశమ్మ ఏడవలేదు.
"అట్లయితే నేను మూడోదాన్ని" అంది,
మళ్ళీ పైమెట్టు నుంచి ఊడ్చుకుంటూ వచ్చింది.

ఆ గురువారం చర్చ
'అక్షరం మనిషిని విడుదల చేస్తుందా?'
అవును వైపు నా పేరు రాశారు.
లేచి నిలబడ్డాను.
ఏ పక్షంలోనూ మాట దొరకలేదు.
ఇమ్తీ ఒక్కడే నా వంక చూసి తీగ బిగించడం ఆపాడు.

ఆ పేర్లు గోడమీద రాయనా అని అడిగితే
తల అడ్డంగా ఊపింది. ఇంటివి.
"పెద్దగా ఒక్కొక్కటే రాయి, ఊడస్తా చూసుకుంటా."
సంపాదకీయం ఆగిపోయింది.
వారానికొక అక్షరం, పలకంత.
మొదటిది ఆవిడే అడిగింది, 'రూ'.
కమిటీ కోప్పడింది, ఇది కాలేజీయా, బాలవాడియా అని.
మాస్టారు కళ్ళజోడు తీసి
చాలాసేపు తుడుచుకున్నారు,
ఏమీ అనలేదు.

కార్తీక మాసానికి ఎవరో
గొడుగుల బల్ల కుడివైపుకి జరిపారు.
ఎవరని ఎవరూ అడగలేదు, చర్చకీ పెట్టలేదు.
మలయాళం తడుస్తోందని
కురువిళ్ళ మాత్రం
రెండు పేజీల ఫిర్యాదు రాశాడు.