జేబుల్లో చేతులు

కనకపుర రోడ్డు పక్క రాతిగుట్ట కింద
శనివారం మధ్యాహ్నం పదిహేడుమందిమి,
ఖాకీ చొక్కాల్లో బొజ్జలు బిగబట్టుకున్న
కొత్త స్కౌటు మాస్టర్లం.

డెబ్బై దాటిన కొడగు మనిషి ముద్దయ్య సార్
మీసం కదలకుండా ఒక్కటే పాఠం చెప్పారు:
"చేతులు జేబుల్లో పెట్టుకోండి.
గుడారం పిల్లలు వేస్తారు. మీరు చూస్తారు."
కన్నడంలో ఆ మాట ఇంకా పొట్టిగా ఉంది.

చూడ్డం ఇంత కష్టమని తెలీదు.
ఆరో తరగతి చిరంత్
మేకుని నిటారుగా దిగ్గొడుతున్నాడు.
"వాలుగారా" అన్న మాట
నాలుక చివరిదాకా వచ్చి
పళ్ళకి తగిలి ఆగింది.
జేబులో వేళ్ళు
బస్సు టికెట్టుని పిండి చేశాయి.

బ్యాంకులో ఇరవై రెండేళ్ళుగా
ఎవరి తప్పునైనా అప్పటికప్పుడే
ఎర్ర ఇంకుతో దిద్దినవాణ్ణి.

రాత్రి రెండింటికి వాన.
గుడారం మోకాళ్ళు మడిచిన ఏనుగులా కూలబడింది.
తడిగుడ్డ కిందనుంచి ముందు ఏడుపు,
కాసేపు తిట్లు,
తర్వాత, ఎందుకో, నవ్వు.
టార్చి పళ్ళతో కరిచిపట్టి
చిరంత్ మేకులన్నీ పెరికి
మళ్ళీ కొట్టాడు. వాలుగా.

అవతల గొడుగు కింద
ముద్దయ్య సార్ తలలు లెక్కపెడుతున్నారు.
ఆయన అసలు పడుకోనేలేదని
అప్పుడు తెలిసింది.

సోమవారం కౌంటరు దగ్గర
ఎప్పుడూ వేలిముద్ర వేసే ఎల్లమ్మ
"సంతకం నేర్చుకున్నా" అంటూ పెన్ను అందుకుంది.
ఒత్తు దగ్గర ఆగింది.
వెనక వరస గొణుగుతోంది.
నేను జేబులు వెతుక్కున్నాను.
కొత్త ప్యాంటు, టైలరు కుట్టు ఇంకా విప్పలేదు.

రెండు చేతులూ కుర్చీలో పెట్టి
వాటిమీద కూర్చున్నాను.