రెండు మీదా, నాలుగు మీదా

ఔలు నగరంలో మా ఐదంతస్తుల ఇంటి కింద
బాంబులు పడితే దాక్కోవడానికి కట్టిన గది ఉంది.
జానెడు మందం ఇనుప తలుపు.
ఇన్నేళ్ళలో బాంబు పడలేదు.
స్కీలూ, తుప్పు సైకిళ్ళూ, ఎవరి బిడ్డదో తొట్టీ,
ఓ మూల డ్రమ్స్ సెట్టూ చేరాయి.

సెట్టు ఎమెలిది. పదిహేడేళ్ళవాడు,
రావాలో వద్దో ఇంకా తేల్చుకోని మీసం.
నా బస్సులో కార్డు యంత్రం ముందు
దగ్గుతూ దాటేసేవాడు.
దొరికిన రోజున జరిమానా బదులు
ఇది నేర్పమన్నాను.

ఇరవై తొమ్మిదేళ్ళుగా నా కుడికాలు
ఈ ఊరిని మోస్తోంది.
ఎడమకాలు
పెన్షన్ పుచ్చుకుంటున్న చుట్టంలా
పక్కన కూర్చుని చూస్తుంటుంది.

"కుడిచేత్తో హై-హ్యాట్ మీద ఎనిమిది,
ఏప్రిల్లో చూరు కారినట్టు, ఆగకుండా.
ఒకటికీ మూడుకీ కాలు.
రెండుకీ నాలుగుకీ స్నేర్ మీద ఎడమచెయ్యి.
ఇంతే" అన్నాడు.
ఇంతే!

యుక్సి, కాక్సి, కొల్మె, నెల్యా.
లెక్క నోటికి వచ్చు, ఒంటికి రాదు.
చెయ్యి ఎడ్డెమంటే కాలు తెడ్డెం.
కాలు దభీమంటే ఎడమచెయ్యి ఉలిక్కిపడి
తనూ కొట్టేస్తుంది,
మా కవల తమ్ముళ్ళలో ఒకడు ఏడుపు మొదలెడితే
రెండోవాడు కారణమడక్కుండా అందుకున్నట్టు.

ఎర్రదీపాల దగ్గర స్టీరింగు మీద సాధన.
పచ్చ పడ్డా చూసుకోను.
వెనక కారు హారన్
ఏ బీటు మీదా పడదు.

మూడో మంగళవారం వాడికి విసుగొచ్చింది.
"రైలీ, పెడల్‌ని తంతున్నావు.
మంచు మీద బ్రేకు ఎలా వేస్తావు?"

మంచు మీద బ్రేకు నొక్కకూడదు,
అడగాలి.
నలభై మంది నిద్రమొహాలు వెనక ఉన్నాయని
పాదానికి తెలియాలి.

ధమ్.
గోడకి ఆనించిన స్కీలు సన్నగా వణికాయి.
ధమ్, టప్, ధమ్, టప్,
మీద చిక్ చిక్ చిక్ చిక్,
నాలుగు చుట్లు!
ఐదో చుట్టులో సంతోషపడ్డాను,
అంతా కూలిపోయింది.

ఇంకో గొడవ, హాపకోస్కి గారు.
రెండో అంతస్తు, రంపపు మిల్లులో రిటైరైన మనిషి.
మేం మొదలెట్టగానే
హీటరు గొట్టం మీద చెంచాతో
టంగ్ టంగ్ టంగ్ టంగ్.
మందపు గోడల్ని దాటి మా చప్పుడు ఆయనకీ,
ఆయన కోపం మాకూ
ఆ గొట్టమే చేరవేసేది.

నవంబరు చివర ఎమెలికి జ్వరం.
నేనొక్కదాన్నే దిగాను.
అరవైలో, వాడు చెప్పిన నత్తనడకలో మొదలెట్టాను.
కాసేపటికి లెక్క జారిపోయింది,
ఎక్కడున్నానో తెలియదు,
కుడిచెయ్యి మాత్రం అలవాటుగా
చూరు నీళ్ళలా కారుతోంది.

టంగ్.
వచ్చాడు, అనుకున్నాను.
ఆపబోయాను.
మళ్ళీ టంగ్.
మధ్యలో ఖాళీ, సరిగ్గా ఒక అడుగంత.
ఆ ఖాళీలో కాలు వేశాను.
టంగ్.
రెండు మీద. ఇదిగో మళ్ళీ, నాలుగు మీద.

ఎడమచేతి పుల్లని ఒళ్ళో పెట్టుకుని
స్నేర్ ఆయనకే వదిలేశాను.
ఎంతసేపో తెలియదు.
తలుపు తీసి పైకొచ్చేసరికి
మెట్ల మీద లైటు ఆరిపోయి ఉంది.

మర్నాడు ఆరూ పదికి బస్సెక్కాడు.
కార్డు చూపించాడు, మాట లేదు,
కిటికీ వైపు మొహం.
ఆసుపత్రి స్టాపులో దిగుతూ మాత్రం
టోపీ సర్దుకుంటూ అన్నాడు:

"మూడోదానికి నీ కాలు ఆలస్యం."