నలభై నాలుగో నంబరు

మొదటిసారి కాగితంలో చుట్టి తెచ్చాడు ఎవరిస్తో.
"మా ఆవిడవి" అన్నాడు.
ఎత్తు మడమల జోడు,
నలభై నాలుగో నంబరు.
నేను చెప్పులు బాగుచేసేవాణ్ణి,
ఆరాలు తీసేవాణ్ణి కాదు.
రసీదు మీద ఆవిడ పేరే రాశాను.

తోలుకు అబద్ధం చేతకాదు.
ఎడమ మడమ బయటి అంచు అరిగింది.
నీళ్ల ఆఫీసు మెట్లు దిగేటప్పుడు
అతని కాలు అటే ఒరుగుతుంది,
కిటికీలోంచి రోజూ చూస్తున్నదే.

నాలుగేళ్లు. పదకొండు రబ్బరు బిళ్లలు.
ఆవిడ క్షేమమేనా అని నేనూ,
క్షేమమేనని అతనూ.

ఈ మంగళవారం పోర్తోలో ముసురు.
వాలు వీధి రాళ్ల మీద
టక్కు, టక్కు, కాస్త ఆగి, టక్కు.
తలెత్తకుండానే తెలిసింది బిళ్ల ఊడిందని.

చేతిలో సంచి లేదు.
బూడిద రంగు సూటు, చంకలో ఫైళ్లు,
కాళ్లకు ఆ ఎర్రజోడే.
గుమ్మంలో కొంగలా ఒంటికాలి మీద నిలబడి
ఒకటి విప్పి బల్ల మీద పెట్టాడు.
ఇంకా వెచ్చగా ఉంది.

పళ్ల మధ్య మేకుతోనే
"ఎవరి పేరు రాయమంటారు?" అన్నాను.

తన పేరు చెప్పాడు,
అక్షరం అక్షరం విడదీసి,
నాకు తెలియనట్టు.